గడపలో పగ్గం

తెల్లవారి ముగ్గు వేయడానికి తలుపు తీసిన శకుంతలమ్మకు గడపకు అడ్డంగా పడి ఉన్న తెగిన పగ్గం కనిపించింది; దానికి పసుపు రాసి ఉంది, మధ్యలో వేపమండ కట్టి ఉంది.

ఆమె అరవలేదు. ముగ్గుచిప్ప అరుగు మీద పెట్టి, పగ్గాన్ని కాలితో తాకకుండా వంగి చూసింది.

మరునాడే గంగమ్మ జాతర. ఆ వారంలో పసుపు పగ్గం అంటే ఏమిటో తిరుపతిలో పసిపిల్లలకు కూడా తెలుసు. అమ్మకు మొక్కిన జీవాన్ని కట్టే తాడు అది. మాంసం వాసన ఎరగని కోమటి ఇంటి గడపలోకి అలాంటిది దానంతట అది రాదు. ఎవరో తెచ్చి వేసి ఉండాలి.

"ఇదో, ఒకసారి ఇట్ల రాండి," అని లోపలికి పిలిచింది.

ఏకాంబరం శెట్టి పళ్ళపొడి నోటితోనే వచ్చాడు. గోవిందరాజస్వామి గుడి దగ్గర అతనికి పసుపు, కుంకుమ, కర్పూరం అమ్మే అంగడి ఉంది. పగ్గం చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"చేతబడి," అన్నాడు.

"గమ్మునుండండి."

"నిమ్మకాయ ఉండాదా చూడు."

"లేదు."

"అయితే ఇంకా పూర్తి చేసినట్టు లేదు. తాకబాక."

"అది నాది సామీ," అంది ఒక గొంతు.

అరుగు చివర, శెట్టి సైకిలు వెనక, ఒక మేకపోతు నిలబడి ఉంది. నల్లది. నుదుట కుంకుమ, మెడలో వాడిపోయిన బంతిపూల దండ. దండ కింద పగ్గం ముక్క ఒకటి వేలాడుతోంది.

జాతర వారంలో తిరుపతి మగవాళ్ళు రకరకాల వేషాలు కడతారు. వేషగాడిని విసుక్కోకూడదు, పొమ్మనకూడదు. శెట్టికి ఆ ఆనవాయితీ గుర్తొచ్చి కాస్త ధైర్యం వచ్చింది. దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు.

"వేషం బలే కట్టినావప్పా. కొమ్ములు యాడ చేయించినావు?"

"మొలిచినాయి సామీ."

శెట్టి నవ్వి, కొమ్ము పట్టుకుని కొద్దిగా లాగాడు. తల మొత్తం వచ్చింది. పొట్ట కింద గుండీలు ఉంటాయేమోనని వంగి వెతికాడు. మేకపోతు ఓపిగ్గా నిలబడింది. శెట్టి లేచి నిలబడేసరికి అతని ముఖంలో రంగు మారింది.

"శకుంతలా, ఇది మేకే."

"అది మొదటే తెలిసింది నాకు. ఏం కావాలో అడగండి."

మేకపోతు శెట్టిని వదిలేసి ఆమెతోనే మాట్లాడింది. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో దానికి అప్పటికే అర్థమైంది.

"నాకు మీ ఇంట్లో చోటు కావాలమ్మా. మాది సత్యవేడు పక్కన పల్లె. రేపు గంగమ్మకాడ నన్ను కోస్తారు. తిరుపతిలో ఆకులు, కూరగాయలు తప్ప ఇంకేం తినని మనుషులు ఉండారని విన్నాను. అట్లాంటోళ్ళు నన్నూ తినరు గదా అని వచ్చినాను."

"మేము తినకపోతే మాత్రం, మా ఇల్లు పశువుల దొడ్డా?"

"పెరటిలో అరటిచెట్టు కింద పడుకుంటాను. మీరు పారేసే తొక్కలు తింటాను. తులసికోట దిక్కు పోను."

"వాసన?"

"అది ఉంటుందమ్మా. దానికి నేనేం చేయలేను."

శకుంతలమ్మకు ఆ జవాబు నచ్చింది. కానీ చూపు మళ్ళీ పగ్గం మీదికే పోయింది. "ఈ తాడు ఎట్ల తెగింది?"

"కొరికినాను," అంది మేకపోతు.

ఆమె పగ్గం చివర చేతిలోకి తీసుకుంది. పీచు లేవలేదు. వంకాయ తొడిమ కోసినట్టు నున్నగా, ఏటవాలుగా ఉంది. పగ్గాన్ని చుట్టి, సైకిలు బుట్టలో పెట్టింది.

భార్యాభర్తలు వంటింట్లో మాట్లాడుకున్నారు. మాటలు గుసగుసలుగానే మొదలయ్యాయి.

"ఇప్పుడే ఊరు దాటించి వదిలేద్దాం," అన్నాడు శెట్టి.

"చాటింపు పడింది."

అదే చిక్కు. జాతర చాటింపు పడ్డాక ఊరివాళ్ళు పొలిమేర దాటి బయట రాత్రి గడపకూడదు. బయటి ఊళ్ళవాళ్ళు తిరుపతిలో రాత్రి నిద్ర చేయకూడదు. దీపాలు పెట్టేలోగా ఎవరి ఊళ్ళో వాళ్ళు ఉండాలి. శెట్టి తండ్రి కాలం నుంచీ ఆ ఇంట్లో ఈ కట్టుబాటు తప్పలేదు.

"మన ఇంటిదైతే బయటికి తోలకూడదు. బయటిదైతే ఈడ ఉండకూడదు," అంది శకుంతలమ్మ. "ఏదో ఒకటి ఈ పొద్దు దీపాలు పెట్టేలోగా తేల్చాల."

"అమ్మకు మొక్కింది గదా. అమ్మ సొత్తు మనం పెట్టుకుంటే, రేపు ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే?"

"అదే నా భయం కూడా."

శెట్టి అంగడికి పోలేదు. మేకపోతు పెరట్లో అరటిచెట్టు నీడన పడుకుంది. శకుంతలమ్మ గిన్నెలు తోముతూ దాన్నే గమనించింది. తులసికోట దిక్కు పోలేదు. ఒకసారి మాత్రం మెడ చాచి వాసన చూసి, ఆమె చూస్తోందని తెలిసి, ముఖం తిప్పుకుంది.

"నిన్ను పొలిమేరకాడ అడిగినారా?" అంది ఆమె.

ఆ అడగడం ఏమిటో ఆ జిల్లాలో అందరికీ తెలుసు. మొక్కిన మేక మీద పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మకు ఇష్టమైనట్టు, జీవం ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఎంతటివాడైనా కత్తి ఎత్తడు. కొన్ని పల్లెల్లో జాతరకు తోలుకొచ్చే ముందే, ఊరి పొలిమేరలో, నలుగురి ఎదుట అడుగుతారు.

"అడిగినారు."

"విదిలించినావా?"

మేకపోతు నమలడం ఆపింది. "ఒళ్ళు విదిలింది. నేను విదిలించలేదు."

"అట్లంటే?"

"అంతేనమ్మా."

ఎండ తిరిగాక పక్కింటి వరలక్ష్మమ్మ గోడ మీదుగా తల పెట్టింది. "శకుంతలా, మేకపోతును వెతుక్కుంటా ఇద్దరు సందుల్లో తిరుగుతాండారు. తమాషా చూడు, కోమట్ల వీధిలో మేకను వెతికేది." ఆమె పెరట్లోకి చూసింది. కింద ఉన్నదాన్ని చూసి, చటుక్కున తల తీసేసింది. వీధిలో కబురు పాకడానికి ఆ తర్వాత ఎక్కువసేపు పట్టలేదు.

వచ్చినవాళ్ళు అన్నదమ్ములు. పెద్దవాడు కుప్పయ్య, భుజాన తువ్వాలు, చేతిలో కొత్త పగ్గం. చిన్నవాడు చెంగయ్య, ఆకులు కోసే కొడవలి నడుముకు దోపి ఉంది. అన్న లోపలికి వచ్చాడు, తమ్ముడు గడప బయటే నిలబడ్డాడు.

"శెట్టిగారూ, మా మేకపోతు మీ ఇంట్లో దూరిందంట. అమ్మ మొక్కు అది. తిరుచానూరు దావలో మామిడితోపులో రేత్రి కట్టినాం, తెల్లారేలకు లేదు."

"ఉండాదప్పా, పెరట్లో ఉండాది. కూర్చో, మజ్జిగ తాగు," అన్నాడు శెట్టి. పీడ తేలిగ్గా వదిలిపోతోందన్న సంబరం అతని గొంతులోనే తెలిసిపోయింది. "అది మాట్లాడతాండాది, తెలుసా నీకు?"

"తెలవకేం. మా తమ్ముడు దాన్ని పిల్లప్పట్నుంచి సంకనేసుకుని తిరిగి మాటలు నేర్పినాడు. మా ఇంట్లో నోళ్ళు శానా ఉండాయి శెట్టిగారూ. దీని మాట వినేదానికి ఎవరికి తీరిక?"

శకుంతలమ్మ మేకపోతును ముందరి పంచలోకి పిలిచింది. అది వచ్చి నిలబడింది. చెంగయ్య వైపు చూడలేదు.

"కుప్పయ్యా, మొక్కు ఎందుకు?" అంది ఆమె.

"మా పాపకు అమ్మవారు పోసింది తల్లీ. కండ్లు కూడా తెరవలేదు. నల్లపోతును ఇస్తానని మొక్కినాను, దిగింది. నేను ఇయ్యకపోతే మళ్ళా వస్తే ఎవరు కాస్తారు?" అతని గొంతులో కోపం లేదు, భయం ఉంది. "పొలిమేరకాడ అడిగినాం. విదిలించింది. ఊరంతా చూసింది. ఇంక అది నాది కాదు, అమ్మది."

"విదిలించిందంటే నేను పెట్టుకోకూడదు. అది సరే." శకుంతలమ్మ సైకిలు బుట్టలోంచి పగ్గం తీసింది. "దీనికి జవాబు కావాల నాకు. ఇది కొరికిన తాడు కాదు. కోసిన తాడు."

కుప్పయ్య పగ్గం తీసుకుని చివర వేలితో తడిమాడు. ముఖం ముడుచుకుంది. "కోసిందే. ఎవుడు కోసినాడు? దొంగతనానికి వచ్చినోడు మేకను తోలుకపోతాడు గానీ, వదిలేసిపోతాడా?"

ఆమె మేకపోతు ముందు కూర్చుంది. "సూడు. పొద్దున్నుంచి నిన్ను చూస్తాండాను. తులసిని ముట్టలేదు, దండెం మీద గుడ్డ లాగలేదు. నీకు చోటియ్యాలని నాకు ఉండాది. కానీ అబద్ధం చెప్పేదాన్ని నా ఇంట్లో పెట్టుకోను, మనిషైనా సరే, మేకైనా సరే. నీ కోసం ఎవరో కోసినారు. ఎవరో చెప్పు, ఎందుకో చెప్పు. చెప్తే కుప్పయ్యతో నేను మాట్లాడతాను. చెప్పలేదంటే ఆ కొత్త పగ్గం నీ మెడలో పడతాది."

మేకపోతు ఆమె కళ్ళలోకి చూసింది.

"కొరికినానమ్మా," అంది.

"ఇంకొకసారి అడగతాండాను."

"నా పండ్లతోనే కొరికినాను. ఎవరూ లేరు."

శకుంతలమ్మ లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. "తోలుకపో కుప్పయ్యా," అని లోపలికి తిరిగింది.

వీధిలో నీడలు గోడలెక్కుతున్నాయి. ఎవరో కుర్రాళ్ళు ముఖాలకు రంగులు పూసుకుని, వేపమండలు ఊపుతూ, డప్పుల వెనక పోతున్నారు. కుప్పయ్య కొత్త పగ్గం ముడి వేశాడు. మేకపోతు మెడ తానే వంచి ఇచ్చింది. దాని గిట్టలు గడప దాటాయి.

"రేయ్, పట్టుకో," అని కుప్పయ్య పగ్గం చివర తమ్ముడికి చాచాడు. "బిరీన పోదాం. దీపాలు పెట్టేలోగా ఊరు దాటాల."

చెంగయ్య చెయ్యి చాచలేదు.

"పట్టుకోరా."

మేకపోతు అప్పుడు మొదటిసారి అతని వైపు చూసింది. "పట్టుకోప్పా," అంది మెల్లగా. "పోదాం."

చెంగయ్య నడుములోంచి కొడవలి తీశాడు. శెట్టి తలుపు చాటుకు తప్పుకున్నాడు. చెంగయ్య దాన్ని అరుగు మీద, శకుంతలమ్మ పొద్దున ముగ్గుచిప్ప పెట్టిన చోట పెట్టాడు. ఆమె గడప దగ్గరికి తిరిగి వచ్చింది. అతను ఆమె వైపు కాదు, అన్న వైపు తిరిగి మాట్లాడాడు.

"అది కొరకలేదన్నా. నేను కోసినాను, దీంతోనే. తోపులో నువ్వు నిద్రపోతాండావు. ఈ వీధిదాకా తోలుకొచ్చి, ఈ ఇల్లు చూపించి, చేతిలో పగ్గం ఈడ్నే జారిపోతే చూసుకోకుండా పోయినాను. కర్పూరం కొనేదానికి వచ్చినప్పుడల్లా ఈ వీధిలో ఈయమ్మను చూసినాను. కాకికి కూడా కూడు పెట్టి గాని తినదు. అందుకని ఈడ వదిలినాను. కోసింది ఒకటే కాదన్నా, దానికి ముందుది ఇంకొకటి ఉండాది. పొలిమేరకాడ మూడుసార్లు నీళ్ళు పోసినావు. అది రాయి మాదిరి నిలబడింది. పాప ఎండకు తాళలేక నీ భుజాన వాలిపోయింది. ఊరంతా మన పక్కే చూస్తాండారు, నువ్వు నా పక్క చూసినావు. నాకు భయం పట్టుకుంది. దాని మెడ నిమిరినట్టు నిమిరి, తడి వేలు చెవిలో పెట్టినాను. అప్పుడు విదిలించింది. అందరూ తల్లీ గంగమ్మా అని దండాలు పెట్టినారు. అది తిరిగి నన్ను చూసింది. మాటలొచ్చే జీవం గదా, చెవిలో వేలు పెట్టినాడని అందరి ముందర ఒక్క మాట అనుంటే అయిపోయేది. అనలేదు. ఈ పొద్దు ఈయమ్మ అడిగినప్పుడు కూడా అనలేదు, చోటు పోతాదని తెలిసి కూడా అనలేదు. అది ఒప్పుకోలేదన్నా. అమ్మ అడగలేదు, అది ఇయ్యలేదు, నేను మధ్యలో దూరి విదిలించినాను. పాప నీకెట్లనో నాకూ అట్లే. మళ్ళా అమ్మకు కోపమొస్తే వేలు ఎవరిదో వాళ్ళ మిందికే రావాల, పాప మిందికి కాదు. రేపు గుడికాడ తడిగుడ్డతో పొర్లతాను, నా నోటితోనే ఈ మాట అమ్మకు చెప్తాను. నువ్వు నన్ను కొడితే ఈడ వద్దు, తోపులో కొట్టు, పొద్దు వాలింది, మనం ఊరు దాటాల. అమ్మా, ఆ పగ్గం ముడి మీరే విప్పండి. దాని చెవిలో వేలు పెట్టిన చేత్తో నేను విప్పకూడదు."