మలుపుల దగ్గర అడిగేవి

నా నోట్లో నువ్వు గింజ నానదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అలాంటిదాన్ని, రెండు రోజులపాటు ఒక్క మాట కడుపులో దాచుకున్నాను. దానివల్ల ఏం జరిగిందో చెప్తాను. విన్నాక నన్ను ఎన్ని తిట్టినా పడతాను.

మా తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. వాడి భార్య పోయేనాటికి పాపకి ఏడాదిన్నర. పాలడబ్బాతో సహా తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. బట్టలు కుట్టి బతికేదాన్ని, పెళ్ళీ పెటాకులూ లేనిదాన్ని. మిషన్ పక్కన గుడ్డముక్కల మీద పడుకోబెట్టి మొదలుపెట్టాను, ఆరున్నరేళ్ళు పెంచాను. పిచికంత ఉండేది, అందుకని పిచికా అనే పిలుస్తాను.

మొన్న చలికాలంలో వాడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ అమ్మాయిది ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం. నేనూ సూదితోనే బతుకుతాను గానీ, ఆమెను మాత్రం మనసులో సూదమ్మాయి అనుకునేదాన్ని. సెలవులు అయిపోగానే పిచిక వాళ్ళ దగ్గరికి, వేరే ఊరికి, వెళ్ళిపోవాలి. ఈలోగా అలవాటు కావాలని తమ్ముడు ఆరు రోజుల ప్రయాణం పెట్టాడు. అద్దె కారు, ఒక టెంటు, మూడు నేషనల్ పార్కులు.

"నువ్వూ రా అక్కా. నువ్వు లేకపోతే అది కారెక్కదు. తిరిగొచ్చేసరికి వాళ్ళిద్దరూ కలిసిపోవాలి" అన్నాడు.

పాలు మాన్పించడానికి పాలిచ్చేదాన్నే సాయం పిలిచినట్టుంది వ్యవహారం. ఏరు దాటాక తెప్ప తగలేస్తావట్రా అని అడగబోయి మింగేశాను. టెంటు చిరుగులు కుట్టిచ్చింది కూడా నేనే.

పిచికకి కొండదారులు పడవు. మొదటి మలుపుకి మొహం పాలిపోతుంది, మూడో మలుపుకి వాంతి. అది వాళ్ళ నాన్నకీ తెలుసు. తెలియనిదల్లా విరుగుడు. సెలవులొస్తే మేమిద్దరం కొండ మీదున్న మా పిన్ని ఇంటికి బస్సులో వెళ్ళేవాళ్ళం. ఒకసారి ఊరికే ఒక పొడుపు కథ వేశాను. జవాబు వెతుక్కుంటూ పిల్ల వాంతి సంగతే మర్చిపోయింది. అప్పట్నుంచి దారి పొడుగునా అవే. తెలిసినవి అయిపోతే నేనే కల్పించేదాన్ని.

బయల్దేరిన రోజు తమ్ముడు నన్ను ముందు కూర్చోబెట్టి, వాళ్ళిద్దర్నీ వెనక కూర్చోబెట్టాడు. ఘాట్ రోడ్డు మొదలైంది. పిచిక మొదటి వాంతి సూదమ్మాయి ఒళ్ళోనే చేసుకుంది. ఆమె విసుక్కోలేదు. మొహం తుడిచింది, నిమ్మకాయ వాసన చూపించింది, మాత్ర వేసింది. అదీ కక్కేసింది.

"వదినా, మీతో బస్సులో వచ్చినప్పుడు కూడా ఇంతేనా? ఏం చేసేవారు?" అని అడిగింది.

"ఏం చేస్తాం? కవరు పట్టుకునేదాన్ని" అన్నాను.

లోపలెక్కడో నాకు చల్లగా అనిపించింది. ఎనిమిదేళ్ళ పిల్ల పేగులు తోడేసినట్టు కక్కుతుంటే నాకు చల్లగా అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెప్తున్నాను.

మొదటి పార్కులో నలుగురు చేతులు చాచి పట్టుకున్నా అందని చెట్లున్నాయి. పిచిక ఒక్కదాన్నీ తలెత్తి చూడలేదు. టెంటులో మూలకి తిరిగి పడుకుంది. రెండో రోజు దారి ఇంకా పొడుగు. అయిదు వాంతులు. ఆఖరికి పసుపు నీళ్ళు తప్ప ఏమీ రాలేదు. రెండో పార్కులో చెరువు గట్టుకి లేళ్ళు వస్తాయంటే, అందరూ కెమెరాలు పట్టుకుని పరుగెత్తారు. మా పిల్ల లేవనంది.

"ఆ మాత్రం చూసుకోలేవా? మా అక్క ఇన్నేళ్ళు పెంచలేదూ?" అని తమ్ముడు భార్య మీద విరుచుకుపడ్డాడు.

ఆమె పిల్ల గౌను తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఉతుకుతూ భుజంతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఆ మాట నాకు తియ్యగా ఉండాల్సింది. ముల్లులా దిగింది.

మూడో రోజు పొద్దున్న, డాక్టరెవరైనా ఉన్నారేమో కనుక్కోవడానికి వాళ్ళిద్దరూ పార్కు ఆఫీసుకి వెళ్ళారు. పిచిక నా తొడ మీద తలపెట్టి పడుకుంది. పెదాలు పగిలిపోయాయి. చెంచాతో నీళ్ళు పోస్తుంటే పిట్టలా తాగింది.

"పొడుపు కథ వెయ్యమని నువ్వైనా ఆవిణ్ణి అడగొచ్చుగా, పిచ్చిమొహమా?" అన్నాను. నా తప్పు దాని నెత్తిన రుద్దడానికి కూడా వెనకాడలేదు, చూడండి.

"అవి మనిద్దరివి కదత్తా. ఆవిడతో ఆడితే నీకు ఏడుపొస్తుందనుకున్నా."

చెంచా గిన్నెలో పెట్టేశాను.

"నువ్వు ముందు సీట్లోంచి అడుగుతావేమో అని చూశా" అంది, కళ్ళు మూసుకునే. "నువ్వడగలేదు."

కోపంగా అనలేదు. నిష్ఠూరంగా కూడా అనలేదు. నా చెంప పగలగొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. నా బంగారం, నా ఏడుపు ఆపడానికి రెండు రోజులు కక్కింది. నేను దాన్ని కడుపులో పెట్టుకుని పెంచాననుకుంటున్నాను, అది నన్ను పెట్టుకుంది.

డాక్టరు దొరక్క సూదమ్మాయి తిరిగొచ్చి కుళాయి దగ్గర సీసాలు నింపుతుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"నీకు అబద్ధం చెప్పానమ్మా" అన్నాను. మొత్తం చెప్పాను.

సీసా నిండి పొర్లిపోతున్నా ఆమె కుళాయి కట్టలేదు.

"రెండు రోజులు, వదినా" అంది చివరికి. "ఇంకొక్క రోజు అయితే సెలైన్ ఎక్కించాల్సొచ్చేది. ఆ సూది నేనే గుచ్చాల్సొచ్చేదేమో." కుళాయి కట్టేసి అడిగింది. "ఎందుకు?"

"దాని సంగతుల్లో నాకొక్కదానికే తెలిసింది అదొక్కటే మిగిలింది. మిగతావన్నీ నీకు చెప్పేశాను కదా."

ఆమె నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. "నేర్పించండి" అంది.

రాళ్ళ మీద కూర్చుని నేర్పాను. తిన్నటి దారిలో తేలికవి, మలుపుల దగ్గర కష్టమైనవి అడగాలి. జవాబు తొందరగా చెప్పెయ్యకూడదు. తప్పు చెప్తే నవ్వాలి గానీ వెక్కిరించకూడదు. అడిగేటప్పుడు దాని కళ్ళు నీ మీదే ఉండాలి, కిటికీ మీద కాదు. ఆమె మందుచీటీ చదివినంత శ్రద్ధగా విని, ఒకటికి రెండుసార్లు అప్పజెప్పింది. ఒక్కొక్కటీ చెప్తుంటే నా ఇంట్లో సామాను ఒక్కొక్కటీ బయటపెడుతున్నట్టుంది.

తర్వాత పిచిక దగ్గరికెళ్ళి, "ఆవిడతో ఆడుకో. నాకేం ఏడుపు రాదు" అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

పిల్ల సాయంత్రందాకా పలచటి గంజి తాగి, నిద్రపోయి తేరుకుంది. నాలుగో రోజు బయల్దేరాం. మొదటి మలుపు రాగానే సూదమ్మాయి గొంతు సవరించుకుంది.

"పగలంతా మడతపెట్టుకుని పడుకుంటుంది. సాయంత్రమైతే కర్రల మీద లేచి మనందర్నీ మింగుతుంది. ఏమిటది?"

నేను కల్పించి ఇచ్చిందే. వెనక నుంచి పిచిక నా వైపే చూస్తోందని వీపుకి తెలుస్తూనే ఉంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

"టెంటు" అంది చిన్నగా.

ఆ తర్వాత ఇంకోటి, ఇంకోటి. మూడో మలుపు దాటింది, పదో మలుపు దాటింది. కవరు మడత విప్పలేదు. పక్కన మా తమ్ముడు మురిసిపోతున్నాడు.

"చూశావా అక్కా, దారి అలవాటైపోయింది దానికి" అన్నాడు.

"అవునురా" అన్నాను. కళ్ళలో దుమ్ము పడిందని అద్దం ఎక్కించాను.

మూడో పార్కు గేటు కనబడుతుండగా పిచికే ఒకటి వేసింది. నేనెప్పుడూ విననిది. అప్పటికప్పుడు కల్పించింది.

"కారెక్కగానే నన్ను పట్టుకుంటుంది, దిగేదాకా వదలదు. ఏమిటది?"

"వాంతి" అంది సూదమ్మాయి.

పిచిక పడీపడీ నవ్వింది. నాలుగు రోజుల్లో మొదటి నవ్వు. "కాదు, కాదు. మళ్ళీ చెప్పు" అంటూ ఆమె చెయ్యి పట్టుకుని ఊపింది. సూదమ్మాయి నిజంగానే తెలియక తలగోక్కుంటోంది. నేను నా ఒంటి మీదున్న సీటు బెల్టుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

పిచిక ముందుకి వంగి నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"అత్తా, నీకు తెలుసుగా. నువ్వు మాత్రం చెప్పకు."

చెప్పనన్నాను.