శుక్రవారం ఒక్కపొద్దు

శుక్రవారం నాడు పొద్దుగూకేదాకా రమ్య మంచినీళ్లు తప్ప ఇంకేమీ ముట్టేది కాదు. అది చూసి ఆమె అత్త సరోజమ్మ మురిసి ముక్కలయ్యేది. "మా కోడలు కంప్యూటర్ ఉద్యోగం చేస్తా కూడా లక్ష్మమ్మకు ఒక్కపొద్దుంటాది" అని మియాపూర్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్ లిఫ్టెక్కిన ప్రతివాళ్లకీ చెప్పేది.

ఆ ఒక్కపొద్దు లక్ష్మమ్మకు కాదు. కొండాపూర్‌లో రమ్య ఆఫీసు వెనక వీధిలో, టైలర్ షాపు పైన ఓ గది ఉంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అక్కడ ఉపవాస ప్రార్థన. రెండేళ్ల కిందట రెండో కాన్పులో బిడ్డ పోయి రమ్య మనిషి కాకుండా పోయినప్పుడు, పక్క సీటు పుణ్యవతి చెయ్యిపట్టుకుని అక్కడికి తీసుకెళ్లింది. ఆ గదిలోనే రమ్య మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. ఏడ్చిన చోటే యేసును నమ్ముకుంది.

మరి అబద్ధం ఆడిందా అంటే, ఆడలేదు. అత్త తనంతట తాను అనుకుంది, ఈమె నోరు మూసుకుంది. ఊరకున్నంత ఉత్తమం లేదన్నారు గానీ, ఆ అన్నవాళ్లకి సరోజమ్మ ప్రేమ సంగతి తెలియదు. శుక్రవారం సాయంత్రం కోడలు గడపలో చెప్పులు విప్పేసరికి వేడన్నంలో పప్పూ నెయ్యీ కలిపి, తన చేత్తో ముద్దలు పెట్టేది ఆ తల్లి. ఒక్కో ముద్దా రమ్య గొంతులో ముల్లులా దిగేది. వచ్చేవారం చెప్పేద్దాం, ఆ పైవారం చెప్పేద్దాం అనుకుంటూనే రెండేళ్లు గడిపేసింది.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి సరోజమ్మ పన్నెండుమంది ముత్తైదువలను పిలిచి, కోడలి చేత సెలవు కూడా పెట్టించింది. పూజయ్యాక పసుపు తోరం పట్టుకుని, "రా రమ్యా! నీ ఒక్కపొద్దుల పుణ్యమే మా ఇంటిని నిలబెట్టింది. ముందు నీకే కడతా, చెయ్యి పట్టు" అంది.

రమ్య చెయ్యి లేవలేదు.

"నేను ఉపవాసం ఉండేది యేసయ్య కోసం అత్తా" అంది.

సరోజమ్మ తిట్టలేదు. అయ్యో, నాలుగు తిట్టినా బాగుండేది! తోరాన్ని పళ్లెంలో పెట్టేసి, "ఇన్నాళ్లూ నేను పెట్టిన ముద్దలు ఎట్ల మింగినావమ్మా?" అంది.

మొగుడు సురేంద్ర మాత్రం ఊరుకోలేదు. "రెండేండ్లు మా అమ్మను పిచ్చిదాన్ని చేసి, ఇప్పుడు నలుగుర్లో నవ్వులపాలు చేస్తివి. ఆ గదికి పోవడం మాను. లక్ష్మమ్మ ముందర తప్పయిందని దండం పెట్టు. అంతవరకూ పాప నీ కంటికి కనపడదు" అన్నాడు. అన్నంత పనీ చేశాడు. మర్నాడే తల్లినీ, ఆరేళ్ల కూతురు రసజ్ఞనూ వెంటబెట్టుకుని హిందూపురం పోయాడు.

రమ్య కన్నవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. టైలర్ షాపు పై గదిలో అందరూ మోకరించి ప్రార్థించారు. దేవుడు దారి చూపిస్తాడంది పుణ్యవతి. మూడు వారాలైంది. ఏ దారీ కనపడలేదు.

నాలుగో శుక్రవారం సాయంత్రం సురేంద్ర నంబరు నుంచి ఫోన్ వచ్చింది. పాప గొంతు.

"అమ్మా, దండం పెట్టుకుంటానని చెప్పు. ఒక్క మాటే! రేపే నీకాడికి పోదామన్నాడు నాయన."

ఒక్క మాట. రెండేళ్లు నోరు మూసుకుని నెట్టుకొచ్చినదానికి ఓ అబద్ధం ఓ లెక్కా? రమ్య నోరు తెరిచింది కూడా. కానీ ఇంకోసారి ఆ అత్తను మోసం చెయ్యడం తనవల్ల కాదు, నమ్ముకున్నవాణ్ని కాదనడం అసలే కాదు.

"చెప్పలేను తల్లీ."



"నాకంటే ఆయనే ఎక్కువనా?"

కాదని అనలేకపోయింది రమ్య. అవునని అంతకంటే అనలేకపోయింది. వెనక సరోజమ్మ గొంతు, ఏడ్చి ఏడ్చి జీరపోయిన గొంతు, "ఇట్లియ్యమ్మా ఫోను, నేను పెట్టేస్తా" అనడం వినిపించింది.

"వద్దవ్వా, నేనే పెట్టేస్తా" అంది రసజ్ఞ, పెట్టేసింది.

రమ్య ఉన్నచోటే మోకరించింది. చీకటి పడేదాకా అలాగే ఉంది. పైనుంచి గానీ లోపల్నుంచి గానీ ఒక్క మాటైనా వినపడలేదు.