బైబిచేకి కప్పిన చపాన్

ఫిబ్రవరిలో కిర్గిజ్ రాజధాని బిష్కెక్ చలి సంగతి చెప్పనక్కర్లేదు. విశ్వవిద్యాలయంలో శరీరధర్మ, నాడీశాస్త్ర విభాగం నేలమాళిగ దానికంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. అక్కడ తుమ్మితే తుమ్ము గడ్డకట్టి గచ్చు మీద టక్కున పడేదని చెప్పుకునేవారు. నేనూ ఒకటి ఏరుకున్నాను.

ఆ గదిలో బైబిచే అనే ఆడ మర్మోట్, మేకపిల్లంత కొండ ఉడుత, ముద్దలా చుట్టుకుని చలికాలపు దీర్ఘనిద్ర పోతోంది. గుండె నిమిషానికి ఐదుసార్లే కొట్టుకుంటోంది. ఎవరూ కదపకపోతే ఆ మెదడు తనంతట తాను ఎప్పుడు మేలుకుంటుందో, ముందు ఏ మూల కదులుతుందో పట్టుకోవాలని పరిశోధకురాలు బర్చినాయ్ మూడు చలికాలాలుగా కాపు కాస్తోంది. మొదటి ఏడు కరెంటు పోయింది. రెండో ఏడు గొట్టాలు బాగుచేసేవాడు సుత్తి పుచ్చుకుని దిగాడు. ఈసారి పన్నెండు రోజులు నిక్షేపంగా గడిచాయి. ఒక్కో నిద్ర రెండు వారాలు, అంటే ఇంకో రెండు రోజులు చాలు.

పదమూడో రోజు పొద్దున తలుపు తెరుచుకుంది. విభాగాధిపతి జుమాదిల్, ఆమెకు చదువు చెప్పిన గురువు, ముందు నడిచాడు. వెనక ఉప రెక్టరు, కెమెరా మనిషి.

"అమ్మాయీ," అన్నాడు జుమాదిల్, "ఈ నెల విశ్వవిద్యాలయం వార్తల్లో మన విభాగం విజయం ఒక్కటీ లేదట. గుండె విభాగం వాళ్లవి ఏడు! నీ ఉడుతను వేయిద్దాం."

"విజయం ఎల్లుండి, అగాయ్. ఇవాళ నిద్రే," అంది బర్చినాయ్. గురువుని అక్కడ అలాగే పిలుస్తారు.

"నిద్రపోతూ పదవులు కొట్టినవాళ్లను బోలెడుమందిని చూశాన్లే," అని ఉప రెక్టరు గోడలదిరేలా నవ్వాడు.

జుమాదిల్ సంచిలోంచి జానెడు చపాన్ తీశాడు. కుట్టుపని మెరిసే బుల్లి అంగీ. "పెద్దలొచ్చి చపాన్ కప్పకపోతే అది గౌరవమేనా? మా ఆవిడ మూడు రోజులు కుట్టింది."

బర్చినాయ్ దగ్గరికెళ్లి గుసగుసగా అంది. "చెయ్యి తగిలితే లేస్తుంది. ఆ పాఠం మీరు చెప్పిందే కదా!"

"నాకు తెలీదూ? ఇలా కప్పి అలా తీసేస్తాం. అతిథి ముందు నా పరువు తీయకు."

అతిథి ఎదుట పెద్దాయనకు రెండోసారి అడ్డు చెప్పడం అక్కడ లేదు. ఆమె పక్కకి తప్పుకుంది. ఉప రెక్టరు బైబిచేని ఎత్తి, చేతులు దూర్చి మరీ తొడిగాడు. ఫొటోలు తీశారు. వెళ్లిపోయారు.

తెర మీద గుండె లెక్క అయిదు కాస్తా తొమ్మిదయింది. తొమ్మిది ఇరవయ్యయింది. మేలుకోవడం ఒకసారి మొదలైతే దాన్ని ఆపే మనిషి ఇంకా పుట్టలేదు. మధ్యాహ్నానికి బైబిచే లేచి కూర్చుని అంగీ గుండీ నములుతోంది. బర్చినాయ్ పళ్లు పటపట కొరికింది.

మర్నాడు వార్త: "నడి చలికాలంలో మర్మోట్‌ను విజయవంతంగా మేల్కొలిపిన మన శాస్త్రవేత్తలు."

"గుండె విభాగం వాళ్లు కుళ్లి చస్తున్నారు!" అంటూ వచ్చాడు జుమాదిల్. "విందు చేస్తున్నాం. రెండు ముక్కలు మాట్లాడు."

"ఏం మాట్లాడను అగాయ్? మూడేళ్ల పని పోయిందనా?"

పెద్దాయన గడ్డం నిమురుకుని నేల చూశాడు. "అది... వార్తల్లో వద్దులే."

"సరే. నేలమాళిగ తాళంచెవులు ఇవ్వండి. రెండూ."

"మళ్లీ అతిథులొస్తే?"

"నేను ఊళ్లో లేనని చెప్పండి."

ఆయన జేబులోంచి తాళంచెవులు ఒక్కొక్కటిగా, పళ్లు పీకించుకుంటున్నట్టు, తీసి ఇచ్చాడు. విందులో అందరూ పేరు పెట్టి పిలిచినా బర్చినాయ్ రాలేదు. కింద బైబిచే మళ్లీ ముడుచుకుంటోంది. మార్చి దగ్గరపడింది, ఇంకొక్క పూర్తి నిద్ర పడుతుందో లేదో. ఆమె లోపలినుంచి గడియ వేసి, కొత్త కాగితం మీద "ఒకటో రోజు" అని రాసింది. పెన్ను కాగితాన్ని చింపేంత గట్టిగా.