గున్వోర్ ఊరుకున్న చోటు

నార్వేలోని స్టవాంగెర్ చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసిన ఆడవాళ్ల మాటలను టేపుల్లోంచి రాసి, ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో ఎక్కించడం నా పని. దీన్ని నాకు ఏ కాలేజీ నేర్పలేదు. లెక్కల పట్టికలో రెండు ట్యాగుల మధ్య, అంటే ఏది ఏమిటో కంప్యూటర్‌కు చెప్పే గుర్తుల మధ్య, ఖాళీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. మనిషి మాట పట్టిక కాదు. వాక్యం నడుమనే ట్యాగులు దూరతాయి, ఇక్కడ పేరు, అక్కడ దగ్గు. అలా కలగలిసిన చోట ఖాళీ కూడా మాటే.

వాళ్లలో ఒకామె గున్వోర్. మాట్లాడుతూ ఆమె ఆగిన ప్రతిచోటా నేను ఖాళీ వదిలాను. మా ఆఫీసు పెద్ద తూర్హిల్ కంటికి అది చిందరవందరగా కనిపించింది. ఈ మాటలతో పెట్టే ప్రదర్శన దగ్గర పడిందని ఫైళ్లన్నిటినీ సర్దే ప్రోగ్రాంలో వేసి, పాతవాటి మీదే భద్రపరిచింది. వరసలు ముచ్చటగా కుదిరాయి. ఖాళీలు పోయాయి.

ఇవి తన మాటలేనని సంతకం పెట్టడానికి వచ్చిన గున్వోర్ అచ్చు కాగితం చదివి కలం కింద పెట్టేసింది. స్నేహితురాలు మాగ్న్‌హిల్డ్ చెయ్యి మిషన్‌లో నలిగిన రోజు గురించిన చోటది. మిషన్ ఎవరు నడిపారని ప్రశ్న. వెంటనే, అతుక్కుని, 'తెలియదు' అని జవాబు.

"నేనింత చటుక్కున అన్లేదు అమ్మాయ్. దీన్ని చదివితే అబద్ధాలకోరునని నాకే తెలిసిపోతోంది."

తూర్హిల్ క్షమించమంది. టేపు ఉంది కదా, ఖాళీకి బదులు 'ఆగింది' అని ట్యాగే పెడదాం, దాన్ని ఏ ప్రోగ్రామూ మింగదు అన్నాను. టేపు పెట్టాను. ప్రశ్న వినిపించింది. తర్వాత బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. గున్వోర్ కళ్లు మూసుకుని విన్నది.

"ఆపెయ్. నేను ఊరుకోబట్టే కదా ఇన్నాళ్లూ ఎవడికి తోచింది వాడు అనుకున్నాడు. రాసుకో. నడపమని ఫోర్మన్ అరిచాడు. మీట లాగింది నేను."

ఇప్పుడు మారిస్తే ప్రదర్శనకు అందదేమోనని తూర్హిల్ నసిగింది. అందకపోతే పోనీ అన్నాను. ఫోర్మన్ పేరు అడిగాను.

"పోయాడుగా, పేరెందుకు?"

"మీ పేరొక్కటే ఉంటే నేరం మీదొక్కరిదే అవుద్ది."

పేరు చెప్పింది. ఇద్దరి పేర్లూ ఎక్కించి కాగితం మళ్లీ ఇచ్చాను. ఈసారి చదవకుండానే సంతకం చేసి లేచింది. కోటు వేసుకోబోతే ముసలి చేతులు పైకి లేవలేదు, నేనే తొడిగాను.