నడి ఏటి తిప్పలు

గుండ్రటి పుట్టి పడవ తోలు చినిగినచోట తారు అద్ది, పిచ్చయ్య దాన్ని ఎండకు బోర్లించాడు. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలిసే రేవులో ఆయన బతుకంతా ఇదే. తెడ్డు పట్టి పట్టి అరచేతులు కాయలు కాచాయి. వేళ్లు పూర్తిగా చాపుకోలేడు. భార్య దుర్గమ్మ పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేదు.

నది నడుమ ఇసుక తిప్పలున్నాయి. వాటి మీద మనుషులుండరు. వేసవిలో నల్ల తల, పసుపు ముక్కు, చీలిన తోక ఉన్న తెల్లని నీటిపిట్టలు వచ్చి, ఇసుకలో గుంటలు చేసుకుని గుడ్లు పెడతాయి. ఆకలైతే పిచ్చయ్య గుంటకొక గుడ్డే తీసుకునేవాడు. కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుని మరీ నడిచేవాడు.

పందొమ్మిది వందల నలభై ఎనిమిది వేసవిలో నిజాం రజాకార్లు ఊళ్లు తగలబెడుతున్నారు. వేములపల్లి వైపు నుంచి పారిపోయి వచ్చిన కూలిమనిషి రూతమ్మ, చంటిబిడ్డతో చివరి తిప్ప మీది తుంగలో దాక్కుంది. మొగుణ్ణి కళ్లముందే కాల్చేశారు. ఆమెకు జొన్న గటక మోసేది పిచ్చయ్యే.

ఆ మధ్యాహ్నం రేవులో కాపలా ఉన్న రజాకారు తుపాకి భుజానికి ఆనించుకుని పిచ్చయ్యను అడిగాడు.

"ఏంరా ముసలోడా, గా చివరి తిప్పమీద పిట్టలు ఊకూకె ఎందుకు లేస్తున్నయ్?"

"నక్క గిట్ల దిగిందేమో, దొరా."

"పొద్దుగూకెలోపల మేమే పోయి సూస్తం."

పిచ్చయ్య వల వేయడానికని చెప్పి పుట్టి దించి, రూతమ్మ ఉన్న తుంగ చాటుకు చేర్చాడు.

"ఎక్కు, బిడ్డా. అవతలి ఒడ్డు ఇండియా యూనియనోళ్లది."

"సూస్తే కాలుస్తరు, తాతా. నాకు తెడ్డెయ్యరాదు."

"పాయే తోసుకపోతది. పుట్టి తిరిగినా బెదరకు."

"నువ్వు?"

"వాళ్ల సూపు ఇటు తిప్పాలె గదా. బిడ్డ నోటికి రొమ్మియ్యి, ఏడ్వనీకు."

పుట్టిని తోసేసి, మోకాలిలోతు నీళ్లలో రేవు దగ్గరి తిప్పకు నడిచాడు. పిట్టలు అక్కడే కిక్కిరిసి పొదుగుతున్నాయి. ఒక్కక్షణం ఆగాడు.  కళ్లు మూసుకుని గుడ్ల మీదుగా పరుగెత్తాడు. పెంకులు చిట్లాయి. తెల్లని గుంపంతా అరుస్తూ ఆకాశానికి లేచింది. కొన్ని దిగి ఆయన నెత్తిని పొడిచాయి. కాపలావాళ్లంతా ఆ తిప్పవైపే తుపాకులు తిప్పారు.

అవతలి గట్టెక్కిన రూతమ్మకు తుపాకుల మోత వినిపించింది. బిడ్డ పాలు తాగుతూనే ఉంది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. పిట్టలు తప్ప ఏమీ కనిపించలేదు.

పొద్దుగూకేసరికి అవి ఒక్కొక్కటే దిగి, గుడ్లు పగిలిన గుంటల చుట్టూ తిరిగాయి. తూటాలు తగిలి నీళ్లలో పడ్డ పిచ్చయ్యను ఏరు తీసుకుపోయింది. ఇసుకలో ఒంటి చెప్పు బోర్లా పడి ఉంది. దాని అడుగున పచ్చసొన ఎండి, ఇసుక అంటుకుని ఉంది.