సొంతమా, కౌలా

ఆ ఉదయం వానా పడలేదు, ఎండా రాలేదు. కోటబొమ్మాళి వైపు మబ్బు తడిసిన గోనెలా కిందికి దిగి ఉంది. కోతకొచ్చిన పల్లపు మడిని ఓసారి చూసుకొని సోములు గ్రామ సచివాలయానికి వెళ్లాడు. పంట జాబితాలో అతని పేరు తీసేశారని ముందురోజు కబురొచ్చింది. పేరు లేకపోతే కొనుగోలు కేంద్రంలో ధాన్యం దించుకోరు.

"ఇన్నాళ్లూ భూమి లెక్క ఒక చోట, పంట లెక్క ఒక చోట ఉండేవి బాబాయ్," అంది అక్కడ పనిచేసే అనూరాధ. "ఇప్పుడు రెండింటికీ ఒకేలా గడులు పెట్టి కలిపేసారు. భూమేమో మీ అన్న గంగులుది, పంటేమో నీది. నీదేటి, సొంతమా, కౌలా?"

"రెండూ కాదమ్మా. మార్పు."

ముప్పై ఏళ్ల కిందట అన్నదమ్ములిద్దరూ గట్టు మీద నిలబడి భూములు మార్చుకున్నారు. అన్నకు మెట్ట, తమ్ముడికి పల్లం. కాగితం రాసుకోలేదు. తోడబుట్టినవాణ్ని కాగితమడిగితే ఊళ్లో తలెత్తుకోలేరు. పదేళ్ల కిందట గంగులు ఆ మెట్ట అమ్మేశాడు. కాగితాల్లో అది సోములు పేరునే ఉంది గనక సోములే వెళ్లి వేలిముద్ర వేసొచ్చాడు. అన్న చేను అన్న అమ్ముకున్నాడు, అంతే అనుకున్నాడు.

"మార్పుకి గడి లేదు బాబాయ్."

"నీ కంప్యూటరుకి అన్నదమ్ములు లేరేటి?"

అనూరాధ నవ్వలేదు. "మీ అన్న నీ పేరున రాస్తే సొంతం. లేదంటే కౌలుకి ఇచ్చినట్టు వేలిముద్ర ఎయ్యాల. వారంలో తేల్సుకో."

సోములు అన్న ఇంటికి వెళ్లేసరికి గంగులు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కొడుకు దేవేంద్ర.

"అన్నియ్యా, పల్లం నా పేరున రాసెయ్యి. నీకు తెలీందేటుంది?"

గంగులు నోరు తెరిచేలోగా దేవేంద్ర అందుకున్నాడు. "రాతకి తొందరేటి సిన్నాన్నా? కౌలని పెట్టించుకో. నీ ధాన్యం దింపుకుంటారు కదా."

"నా మడికి నేను కౌలుదారుణ్ణేట్రా?"

"కాగితం అలాగున్నాది. నేను రాసేనేటి?"

సోములు అన్న మొహంలోకి చూశాడు. గంగులు కాలి గోటి మీది మట్టి గీక్కుంటున్నాడు.

"ఒరే సోములూ," అన్నాడు చివరికి, తలెత్తకుండానే. "ఈ ఏడుకి అలా కానీరా."

ఈ ఏడుతో పోయేది కాదని సోములుకు తెలుసు. కానీ మబ్బు కింద పంట నిలబడి ఉంది. సరేనన్నాడు.

దేవేంద్ర ఇద్దరినీ బండి మీద తీసుకెళ్లాడు. అన్న వేలు పెట్టాడు, తరవాత తమ్ముడు. అనూరాధ కౌలు గడి నొక్కింది. పేరు మళ్లీ వచ్చింది.

"పదకొండు నెలలే బాబాయ్. తరవాత మళ్లీ మీ అన్నని తెచ్చుకోవాల."

తిరిగొచ్చేసరికి గంగులు భార్య ధనలక్ష్మి కంచాలు పెట్టేసింది. వద్దంటే బాగుండదని సోములు అన్న పక్కన కూర్చున్నాడు. ఎండురొయ్యలు వేసిన వంకాయ కూర, వేడన్నం. ధనలక్ష్మి అడక్కుండానే మారు వడ్డించింది. అన్నదమ్ములిద్దరూ తలలు దించుకొని తిన్నారు.