ఊరికే కాగిన నీళ్ళు

“ఈ చలికాలం గీజరు జోలికి ఎవరూ వెళ్ళకండి,” అంటూ మా ఆయన ఉదయభాస్కర్ గారు స్విచ్చి మీద నల్ల టేపు అడ్డంగా అంటించారు. కార్తీక పౌర్ణమి వెళ్ళిన మర్నాడది. కరెంటు బిల్లు ఇంకా ఆయన చొక్కా జేబులోనే ఉంది. గ్యాసు పెరిగింది, పాలు పెరిగాయి, నూనె సంగతి చెప్పక్కర్లేదు, మా అమ్మాయి హారతి కాలేజీ బస్సుకి కూడా పెంచారు. పెరగనివి రాజమండ్రి ఎరువుల కొట్లో లెక్కలు రాసే ఆయన జీతం, ఆత్రేయపురంలో ప్రైవేటు స్కూల్లో రెండో తరగతికి చెప్పే నా జీతం. అందుకని ఆయన చేసింది నాకూ న్యాయంగానే తోచింది. టేపు కత్తిరించడానికి కత్తెర అందించింది నేనే.

“మరి వేణ్ణీళ్ళో?” అంది హారతి.

“పెరట్లో నీళ్ళ పొయ్యి ఎక్కడికి పోయింది? అటక మీద డేగిసా ఎక్కడికి పోయింది?” అన్నారు మా అత్తగారు పాపాయమ్మ గారు. “కొబ్బరిచెట్ల కింద మట్టలు, డొక్కలు ఊరికే పడున్నాయి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మీటలు నొక్కుకుంటూ కూర్చుంటే కొంపలే కరుగుతాయి.”

“అదీ మాట. పైసా ఖర్చు లేదు, నీళ్ళు ఊరికే కాగుతాయి,” అన్నారాయన.

ఊరికే అన్నది మా ఇంట్లో బాగా చెల్లే మాట. డబ్బు పెట్టకుండా వచ్చింది ఊరికే వచ్చినట్టు. పనేమీ లేకుండా ఉన్నవాళ్ళు ఊరికే ఉన్నట్టు. మొదటిది కొబ్బరి డొక్కలకి వాడతారు, రెండోది నాకు. ఆదివారం మధ్యాహ్నం నేను చేటలో కందిపప్పు బాగుచేసుకుంటూ ఉంటే, “ఊరికేగా కూర్చున్నావు, ఈ గుండీ ఒకటి కుట్టెయ్యి,” అని చొక్కా ఒళ్ళో పడుతుంది. చేట పక్కన పెట్టి గుండీ కుడతాను. చాలా ఏళ్ళు ఆ మాటలో తప్పేమీ నాకు వినబడలేదు.

ఆ ఊరికే కాగే నీళ్ళ కోసం అటకెక్కి డేగిసా దింపాను. దాని వెనకే రగ్గులు, బొంతలు కూడా దింపి డాబా మీద ఎండేశాను, ఎలాగూ చలికాలం వచ్చేసింది కదా అని. డేగిసాకి చింతపండు పెట్టి తోమి, మసి ఊడిరావడానికి అడుగున మట్టి పూశాను. విరిగిన పొయ్యిగడ్డ ఎత్తి మట్టితో అతికాను. చెట్ల కింద మట్టలు ఈడ్చుకొచ్చి, ఆకు వేరు చేసి మోపులు కట్టి, మంచుకి తడవకుండా పైన పట్టా కప్పాను. డొక్కలు మాత్రం ఎంత ఎండబెట్టినా లోపల చెమ్మగానే ఉన్నాయి. ముందు ఎండాకుతో మంట లేపితేగాని అవి అంటుకోవు. ఇదంతా స్కూలు నుంచి వచ్చాక, వంటకి ముందు. “చూశావా, తల్చుకుంటే ఎంతసేపు!” అన్నారు ఆయన పొయ్యి చూసి. మెచ్చుకున్నారని నేను మురిసిపోయాను కూడా.

ఇక తెల్లవారుజామునే లేచి పొయ్యి దగ్గర కూర్చోవడం. కాలవ మీంచి వచ్చే మంచు పెరడంతా కమ్మేసి ఉండేది. ఎదర సెగ, వెనక చలి. ముందు అత్తగారికి, పూజ ఉంటుంది కాబట్టి. తర్వాత ఆయనకి, బస్సు ఉంటుంది కాబట్టి. తర్వాత హారతికి, జుట్టు పొడుగు కాబట్టి రెండు బకెట్లు. మధ్యలో మళ్ళీ నీళ్ళు పోయడం, మళ్ళీ మంట ఎగదోయడం, మధ్యమధ్య వంటింట్లోకి పరుగు. నా వంతు వచ్చేసరికి డేగిసా అడుగున నాలుగు చెంబుల నీళ్ళు, వాటి మీద తేలే బూడిద మిగిలేవి. ఇంకో విడత కాచుకుందామంటే స్కూలు బెల్లు ఆగదు. కుళాయి కింద చన్నీళ్ళు పోసుకుని బయటపడేదాన్ని. కార్తీకంలో చన్నీళ్ళు పోసుకుంటే పుణ్యం అన్నారు, మార్గశిరంలో అవే చన్నీళ్ళు పొదుపు అయ్యాయి. పేరుకి మా ఇంట్లో ఇద్దరు సూర్యులం, ఆయన ఉదయభాస్కర్, నేను సూర్యకళ. వేడి మాత్రం ఒక సూర్యుడికే.

మా అత్తగారు ఇంటికొచ్చిన వాళ్ళందరితోనూ, “మా కోడలికి చలి తెలీదండి. డిసెంబర్లో కూడా చన్నీళ్ళే,” అని చెప్పేవారు. నేను పక్కన నిలబడి నవ్వేదాన్ని. “అలవాటైపోయిందండి,” అనేదాన్ని. పెళ్ళైన కొత్తలో ఒకసారి మొహమాటానికి అన్న మాట అది. ఆ తర్వాత దాన్ని వెనక్కి తీసుకునే వీలు లేకుండా పోయింది.

ఒకరోజు క్లాసులో రూబీ అనే పిల్ల ఎక్కం అప్పజెప్పడానికి నా కుర్చీ దగ్గరకొచ్చింది. సగంలో ఆపి, నా కొంగు ముక్కు దగ్గర పెట్టుకుంది.

“టీచర్, మీ దగ్గర మా అమ్మ వాసనొస్తంది.”

“అదేం వాసనే?”

“పొగ వాసన. పొద్దున్నే రేకుల కుండ కింద కొబ్బరాకు మంటెడతాది కదా మా అమ్మ. మీరూ రేకులు తీస్తారా టీచర్?”

మా ఊళ్ళో పూతరేకులు తీసే ఆడవాళ్ళు వీధికి పదిమంది. బోర్లించిన కుండ కింద మంట పెట్టుకుని, బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద వేసి లాగుతారు, పొరలాంటి రేకు లేస్తుంది. రూబీ వాళ్ళమ్మ వాళ్ళలో ఒకతె. పిల్ల ఆ మాట ఎంతో ఇష్టంగా అంది. వాళ్ళమ్మలా ఉన్నానని నాకు దగ్గరగా జరిగింది. నాకు మాత్రం ముఖం కందిపోయింది. “చాల్లే, వెళ్ళి కూర్చో,” అన్నాను. పిల్ల చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి పౌడరు దండిగా రాసుకోవడం, స్టాఫ్ రూములో కిటికీ పక్కన విడిగా కూర్చోవడం మొదలుపెట్టాను. పొగ ఒంటి మీద ఉంటే పౌడరు దాన్ని దాస్తుందా? రెండూ కలిసి ఇంకో వాసన. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే ఇంకా సిగ్గేసింది. వాసన వచ్చినందుకు ఒక సిగ్గు. కష్టపడి బతికే మనిషితో పోల్చినందుకు ముఖం మాడ్చుకున్నానే, అది అంతకు మించిన సిగ్గు.

ఆ మాట అక్కడితో ఆగలేదు. రూబీ వెళ్ళి వాళ్ళమ్మకి చెప్పింది, వాళ్ళమ్మ తను రేకులు తీసి ఇచ్చే పూతరేకుల కొట్టాయనకి చెప్పింది. ఆదివారం పొద్దున్న ఆ కొట్టాయన గంగరాజు గారు మా ఇంటికొచ్చారు. మా ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నారు. అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. నేను కాఫీ తెచ్చి ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

“ఆయ్, తప్పుగా అనుకోకండి భాస్కర్ గారూ. టీచరు గారు ఏ కొట్టుకి తీస్తున్నారండి రేకులు?”

ఆయన పేపరు దించారు. “ఏంటండీ?”

“రోజూ చీకటుండగానే మీ పెరట్లో పొగ చూస్తన్నానండి. ఊళ్ళో అనుకుంటన్నారు కూడాను.” గంగరాజు గారు నా వైపు తిరిగారు. “వంద రేకులకి ఎంతిస్తన్నారో చెప్పండమ్మా, అంతకంటే ఎక్కువే ఇస్తాను. అంత పొద్దున్నే లేచి, అంతసేపు పొయ్యి ముందు కూర్చునే ఓపిక ఎవరికుందండీ ఇప్పుడు? అలాంటి మనిషి దొరకడం కష్టం.”

ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. ఇంత వయసొచ్చి అబద్ధం ఎందుకు, నిజంగానే వేసింది. నేను పొయ్యి ముందు కూర్చున్న పొద్దుని ఒక మనిషి చూశాడు, దాన్ని పని అనుకున్నాడు, దానికి ఎవరో ఒకరు డబ్బిస్తూనే ఉండాలనుకున్నాడు. ఇవ్వకుండా ఉంటారన్నది ఆయనకి తట్టనే లేదు. నా నోరు తెరుచుకునేలోపు మా ఆయన గొంతు లేచింది.

“మా ఇంట్లో ఆడవాళ్ళు కూలికి రేకులు తీయరండి! తను ఊరికే నీళ్ళు కాస్తుంది.”

గంగరాజు గారు నా చేతుల వంక చూశారు. గోళ్ళలో మసి, మణికట్టు దగ్గర నిప్పురవ్వ పడిన మచ్చ. నేను చేతులు కొంగులో దాచుకున్నాను. దొంగతనం చేసి పట్టుబడిన దానిలా దాచుకున్నాను.

“ఊరికేనాండీ,” అన్నారు గంగరాజు గారు. ఆ తర్వాత లేవబోతూ, పెరటి వైపు చూసి, “పోనీ, ఆ ఎండాకు మోపులైనా ఇస్తారా? మా ఆడవాళ్ళకి ఆకు దొరకడం లేదండి. మంచి రేటిస్తాను,” అన్నారు.

“దాందేముంది, తీసుకెళ్ళండి,” అన్నారు మా ఆయన వెంటనే. నవ్వు కూడా వచ్చేసింది ముఖం మీదకి. నేను ఏరి, చీల్చి, కట్టిన మోపులు ఒక్కటి మిగలకుండా మధ్యాహ్నానికి ట్రాలీ ఆటో ఎక్కిపోయాయి. ఊరికే పడున్న ఆకుకి ధర పలికింది. ఆ డబ్బు ఆయన జేబులోకి వెళ్ళింది. రేపు మంట దేంతో లేపాలి అని నేను అడిగితే, “డొక్కలున్నాయిగా,” అన్నారు.

సాయంత్రం టీ తాగుతూ అందరూ అదే చెప్పుకుని నవ్వుకున్నారు. “అమ్మ రేకులు తీస్తే ఫస్ట్ కస్టమర్ నేనే,” అంది హారతి. పిల్లకి నన్ను నొప్పించాలని లేదు. కానీ స్కూల్లో రూబీ నా కొంగు వాసన చూసింది, ఇంట్లో నా కూతురు ఒక్కనాడూ చూడలేదే అనిపించింది. అత్తగారు మాత్రం నవ్వలేదు.

“పరువు పోయింది కాదూ! ఊళ్ళో ఏమనుకుంటున్నారో చూశావా? ఆ పొయ్యికి రోడ్డు వైపు ఏదైనా అడ్డం కట్టుకో సూర్యకళా. నువ్వు కనబడకుండా.”

పని మానమనలేదు, కనబడకుండా చేసుకోమన్నారు. నేను తలూపాను. మోపుల మీంచి తీసిన పట్టా తెచ్చి, గోడ మేకుకీ కొబ్బరిచెట్టుకీ కట్టాను. ఇన్నాళ్ళూ కుక్కిన పేనులా పడున్నది ఎవరికోసమో, వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. కోపం రాలేదు. సిగ్గే వచ్చింది, అదీ నా మీద. నాకు చలి లేదని చెప్పింది నేను. కత్తెర అందించింది నేను. వాళ్ళు నమ్మారు, నమ్మితే వాళ్ళకి హాయి కాబట్టి.

మర్నాడు ఆకు లేక డొక్కలు ఒక పట్టాన అంటుకోలేదు. ఊదుగొట్టం పట్టుకుని ఊది ఊది, కళ్ళు ధారలు కట్టాయి, దగ్గొచ్చింది. పట్టా అడ్డం ఉంది కాబట్టి ఆ పొగ రోడ్డు మీదకి పోకుండా నా మీదకే తిరిగింది. ఎట్టకేలకి నీళ్ళు సలసలా కాగాయి. అత్తగారి బకెట్టు ఎప్పటిలాగే మొదట నింపాను. డేగిసాలో మళ్ళీ నీళ్ళు పోయలేదు. ఎత్తాను. గడప దాకా వచ్చాను. బాత్‌రూములోకి వెళ్ళి బకెట్టు దించి, లోపల గడియ పెట్టుకున్నాను.

మొదటి చెంబు పోసుకోగానే ఏడుపొచ్చింది. వీపు అంతసేపూ బిగుసుకుని ఉందని, అది వదులయ్యాక తెలిసింది. నాకు చలి వేస్తుంది. అందరిలాగే వేస్తుంది, ఎప్పుడూ వేస్తూనే ఉంది. కుంకుడు రసం ముందు రోజే తీసి పెట్టుకున్నాను కాబట్టి తలకి కూడా పట్టించాను. మసి, పొగ, పౌడరు అన్నీ కలిసి కాళ్ళ దగ్గర నల్లగా పారుతుంటే అలా చూస్తూ ఉండిపోయాను. బయట అత్తగారి చెప్పుల చప్పుడు రెండుసార్లు వచ్చి వెళ్ళింది. తర్వాత మా ఆయన తలుపు దబదబా బాదారు.

“లోపలెవరు? హారతా?”

“నేనండి.”

“నువ్వా? ఈ టైములో లోపలేం చేస్తున్నావు?” అన్నారు మా ఆయన.

“ఊరికేనండి,” అన్నాను.

“అమ్మ పూజకి లేటవుతోంది. నాకు బస్సు టైమవుతోంది. పొయ్యి చూస్తే ఆరిపోయింది, డేగిసా ఖాళీ. మరి మాకు నీళ్ళో?”

ఇంకో చెంబు ముంచి నెమ్మదిగా తల మీద పోసుకున్నాను.

“పెరట్లో డొక్కలు ఊరికే పడున్నాయండి.”